ఉత్తరముతోపాటు మనిషి: అంతర్జాల సహవాసముపై డియానా థాంప్సన్ వాదన – ఒక విమర్శ

ఉపోద్ఘాతము

సంఘ సభ్యులలో ఒకరు ఆసుపత్రిలో చేరితే ఆ వార్త ఈనాడు కాపరి గడప తొక్కకముందే సంఘపు వాట్సాప్ గ్రూపునకు చేరుతున్నది. నిమిషాలలో ‘ఆమేన్’లు, చేతులు జోడించిన బొమ్మలు, వాక్యభాగాలు వరుసగా వస్తాయి. హైదరాబాదులో ఉన్న కుమార్తె, డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు, గల్ఫ్‌లో కూలికి వెళ్ళిన తమ్ముడు ఒకే ప్రార్థనలో పాలుపొందుతారు. ఇది ఒక తరము క్రితము మన సంఘాలు ఊహించని మేలు. దీనిని తేలికగా చూడకూడదు. అయితే దానితోపాటే మరొక ప్రశ్న అడుగవలసి ఉన్నది. వంద ‘ఆమేన్’లు అందుకున్న ఆ రోగి మంచము ప్రక్కన ఆ సాయంకాలము ఎవరు కూర్చున్నారు?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు అమెరికా దేశపు లూథరన్ వేదాంతి డియానా థాంప్సన్ 2016లో ప్రచురించిన ‘ద వర్చువల్ బాడీ ఆఫ్ క్రైస్ట్ ఇన్ ఎ సఫరింగ్ వరల్డ్’ అను గ్రంథాన్ని ఈ వ్యాసములో విమర్శకు తీసుకుంటున్నాము. అంతర్జాలాన్ని పొగిడే పుస్తకాలు, తిట్టే పుస్తకాలు చాలా ఉన్నవి. ఈ గ్రంథము ఆ రెండు కోవలకూ చెందదు. ఒక రోగి పడక మీదనుండి పుట్టిన దైవశాస్త్రము ఇది. అందుచేతనే కాపరులకు పనికివచ్చేది. అందుచేతనే జాగ్రత్తగా పరీక్షింపదగినది. ఆమె వాదనకు పునాది పౌలు ఉత్తరాలు. ఆ పునాది సరియైనదే గాని, ఆ ఉత్తరాలను ఎవరు మోసుకొని వెళ్ళారో చూచినప్పుడు వాదన అసంపూర్ణమని తెలుస్తుందన్నది మా అభిప్రాయము.

1. గ్రంథకర్త వాదము

థాంప్సన్ మిన్నెసోటా రాష్ట్రములోని హామ్లిన్ విశ్వవిద్యాలయములో మత అధ్యయన ఆచార్యులుగా పనిచేశారు. 2008 డిసెంబరులో ఆమెకు నాలుగవ దశ రొమ్ము క్యాన్సరు ఉన్నట్లు తేలింది. అప్పటికే అది వెన్నెముకకు ప్రాకినది. అంతవరకు ఆమె అంతర్జాల సంబంధాలను అనుమానముతో చూచినవారే. రోగపు సంగతి ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేని ఆ దినాలలో ఆమె సోదరుడు ‘కేరింగ్‌బ్రిడ్జ్’లో ఆమె కొరకు ఒక పుట ప్రారంభించాడు. రోగులు, వారి కుటుంబాలు తమ స్థితిని ఆప్తులకు తెలియజేయుటకు 1997లో మిన్నెసోటాలోనే ఆరంభమైన సేవ అది. థాంప్సన్ అందులో వ్రాశారు. చదివినవారు జవాబు వ్రాశారు. ప్రార్థనలు, ఆదరణ మాటలు, సహాయాలు ఆమెకు చేరాయి. ఆ అనుభవమునుండి 2012లో ఒక స్వీయ కథనము వచ్చింది. తరువాత 2016 నాటి ఈ గ్రంథము వచ్చింది.

ఆమె వాదనను క్లుప్తముగా ఇట్లు చెప్పవచ్చును. ‘వర్చువల్’ అనగా ‘అబద్ధమైనది’ అని అర్థము కాదు. క్రీస్తు శరీరమైన సంఘము ఆదినుండి కంటికి ఎదుట ఉన్నవారితో మాత్రమే కూడినది కాదు. కొరింథు, థెస్సలొనీక, ఫిలిప్పీ సంఘాలను పౌలు ఉత్తరాల ద్వారా కాచాడు. దేహమునుబట్టి దూరముగా ఉన్నను ఆత్మనుబట్టి దగ్గరనే ఉన్నానని కొరింథువారికి చెప్పాడు (1 కొరింథీ 5:3). కాబట్టి బలహీనమైన అవయవములను సన్మానించుమని 1 కొరింథీ 12వ అధ్యాయము ఇచ్చే పిలుపును నెరవేర్చుటకు ఈ కాలపు సాధనాలు కూడా దేవుని చేతిలో పనిముట్లు కాగలవు. ఇందులో ఆమె ముఖాముఖి సహవాసాన్ని త్రోసిపుచ్చలేదు. దానిని విస్తరింపజేసేదిగానే అంతర్జాలాన్ని చూచారు.

2. అంగీకరింపదగిన అంశాలు

ఈ వాదనలో బలమున్నది. మొదటిది, క్రొత్త నిబంధనలో సగము భాగానికి మించి గ్రంథాలు దూరమందున్నవారికి వ్రాసిన పత్రికల రూపములోనే ఉన్నవి. దూరము సహవాసాన్ని చంపుతుందని అపొస్తలులు తలంచియుంటే మనకు రోమా పత్రిక లేదు. ప్రభువు సైతము కపెర్నహూములోని శతాధిపతి దాసుని దూరమునుండే మాటతో బాగుచేశాడు (లూకా 7:1-10). దేవుని కృపకు గజముల కొలత లేదు.

రెండవది, లూథరు 1537 నాటి స్మాల్కల్డ్ వ్యాసాలలో సువార్త మనకు చేరే మార్గాలను లెక్కించినప్పుడు ప్రసంగము, బాప్తిస్మము, ప్రభువు భోజనము, పాపక్షమాపణ ప్రకటనలతోపాటు సహోదరుల పరస్పర సంభాషణను, ఆదరణను కూడా చేర్చాడు. ఒక సహోదరి రాత్రి రెండు గంటలకు నిద్రపట్టక తన ఫోనులో మరొక సహోదరి పంపిన ఆదరణ మాట చదివి ఊరట పొందితే దానిని ఆ వరుసలోనుండి తీసివేసే అధికారము మనకు లేదు.

మూడవది, మన స్వంత చరిత్ర. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు, ఏప్రిల్ 12న వచ్చిన పునరుత్థాన పండుగనాడు మన ఆలయాలు మూతపడి ఉన్నవి. జూన్ 8న నిబంధనలతో తెరిచే అనుమతి వచ్చేవరకు, ఆ తరువాత కూడా అనేక వారాలు, తెలుగు సంఘాలలో చాలావాటికి ఫోనే ప్రసంగ వేదికయైనది. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్న నియమము ఉన్న రోజులలో, తండ్రి సమాధి కార్యక్రమాన్ని విదేశములో ఉన్న కుమారులు తెరపై చూచి ఏడ్చారు. ఆ కన్నీరు నిజమైనదే. ఆ ప్రార్థన నిజమైనదే. ఈ అనుభవము తరువాత ‘అంతర్జాల సహవాసము అసలు సహవాసమే కాదు’ అని బల్లగుద్ది చెప్పుట న్యాయము కాదు.

3. విమర్శ

(అ) ఉత్తరము ఒంటరిగా రాలేదు

పౌలు దినాలలో సామాన్యుల ఉత్తరాలకు తపాలా వ్యవస్థ లేదు. రోమా ప్రభుత్వపు తపాలా ప్రభుత్వ పనులకే. కనుక పౌలు ఉత్తరము కదలాలంటే ఒక మనిషి నడవాలి, ఓడ ఎక్కాలి. రోమా పత్రికను కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే తీసుకొనివెళ్ళినదని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము (రోమా 16:1-2). కొలొస్సయి పత్రికతో తుకికు, ఒనేసిము వెళ్ళారు (కొలొస్సయి 4:7-9). ఫిలిప్పీకి ఎపఫ్రొదితు వెళ్ళాడు. ఉత్తరము అందుకున్న సంఘము కాగితాన్ని మాత్రమే గాక ఒక మనిషిని కూడా చేర్చుకున్నది. అతనికి భోజనము పెట్టినది, పడక ఇచ్చినది, అతని నోట వార్తలు విన్నది.

అంతేకాదు, పౌలు ఉత్తరము రాకడవైపు చూస్తుంది. థెస్సలొనీకవారికి దూరమైనప్పుడు అతడు వ్రాసి ఊరకుండలేదు. తన ఒంటరితనాన్ని సహించుకొని తిమోతిని పంపాడు; వారి ముఖము చూడవలెనని రాత్రింబగళ్ళు ప్రార్థించాడు (1 థెస్స 2:17–3:10). యోహాను రెండవ, మూడవ పత్రికలు రెండూ ఒకే మాటతో ముగుస్తున్నవి. వ్రాయవలసినది ఎంతో ఉన్నా సిరా, కలము చాలవని, ముఖాముఖిగా మాట్లాడగోరుచున్నానని పెద్ద చెబుతున్నాడు (2 యోహాను 12, 3 యోహాను 13-14). సాధనాన్ని వాడుకొనుచునే దాని హద్దును ఒప్పుకొనుట అపొస్తలుల రీతి.

థాంప్సన్ ఉత్తరాన్ని గట్టిగా పట్టుకున్నారు, ఉత్తరవాహకుని మాత్రము తేలికగా విడిచిపెట్టారు. ఆమె అనుభవములో ఈ లోపము బయటపడకపోవుటకు కారణము ఉన్నది. ఆమె చుట్టూ అప్పటికే కుటుంబము, సంఘము, తోటి ఆచార్యులు ఉన్నారు. తెరపై చదివినవారిలో అనేకులు అంతకుముందే ఆమెను ఎరిగినవారు. అనగా మనుష్యులు ముందే ఉన్నచోట అంతర్జాలము వారిని కూడగట్టినది. మనుష్యులు లేనిచోట అది ఏమి చేయగలదన్న ప్రశ్నకు ఆమె అనుభవము జవాబు కాజాలదు.

ఈ సందర్భములో బాన్‌హోఫర్‌ను తలచుకొనుట మేలు. ఫింకెన్‌వాల్డె వేదాంత పాఠశాలను 1937లో గెస్టపో మూసివేసిన తరువాత ఆయన చెదరిపోయిన తన విద్యార్థులకు వలయ లేఖలు వ్రాస్తూ వచ్చాడు. అదే కాలములో వ్రాసి 1939లో ప్రచురించిన ‘లైఫ్ టుగెదర్’ గ్రంథములో తోటి విశ్వాసి దేహరూప సన్నిధి సాటిలేని ఆనందమని, అది హక్కు కాదు కృప అని బోధించాడు. ఉత్తరము వ్రాయుట ఎంత అవసరమో, అది ఎంతకు చాలదో రెండూ ఎరిగినవాడు ఆయన. ఆ రెండు ఎరుకలూ కలిసి ఉండవలెను.

(ఆ) వార్త ఎవరిది?

థాంప్సన్ రోగ వృత్తాంతము ఆమె సమ్మతితో, ఎక్కువగా ఆమె మాటలలో, ఆమె కోరుకున్నంత మేరకు వెల్లడియైనది. మన సంఘాలలో జరుగుచున్నది తరచుగా వేరు. రోగి స్పృహలో ఉన్నాడో లేదో తెలియకముందే రోగము పేరు, ఆసుపత్రి పేరు, కొన్నిసార్లు పడకమీది ఫోటో గ్రూపులో పడుతున్నవి. అక్కడనుండి మరొక గ్రూపునకు, మరొక ఊరికి వెళ్తున్నవి. ఉద్దేశము ప్రార్థనే. ఫలితము మాత్రము వేరుగా ఉండవచ్చును. మన ప్రాంతాలలో కొన్ని రోగాల పేర్లు బయటపడితే పెండ్లి సంబంధాలు తప్పిపోతాయి, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు. హెచ్‌ఐవి విషయములో అయితే వ్యక్తి సమ్మతి లేకుండా ఆ సంగతి వెల్లడి చేయుటను 2017 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. గర్భస్రావము, మానసిక వ్యాధి, కుటుంబ కలహము, ఆత్మహత్యా ప్రయత్నము – ఇవి ‘ప్రార్థన మనవి’ అన్న పేరుతో ఊరంతా పాకవలసిన సంగతులు కావు.

ఫిలిప్పీ 2:25-30 ఈ విషయములో మనకు దగ్గర వాక్యభాగము. సంఘము పంపిన కానుక తెచ్చిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంతగా రోగియైనాడు. ఆ వార్త దూరాన ఉన్న ఫిలిప్పీకి చేరినది. అప్పుడు ఎపఫ్రొదితు దుఃఖించుటకు పౌలు చెప్పిన కారణమును గమనింపవలెను. తాను రోగియైన సంగతి వారు విన్నారన్నదే అతని కలవరము. తన వార్త తనవారిని ఎంత కలతపరచినదోనని రోగియే బాధపడ్డాడు. వార్త పంచుట దానంతట అదే ఆదరణ కాదని, అది రోగిపై మరొక భారము కాగలదని ఇక్కడ కనబడుతున్నది. దానికి పౌలు చేసిన చికిత్స మరొక సమాచారము పంపుట కాదు. అతనినే పంపాడు. వారు అతనిని చూచి సంతోషింపవలెనని పంపాడు.

కొలొస్సయి పత్రిక మరొక పాఠము నేర్పుతున్నది. ఆ పత్రిక సభలో చదువుటకు, లవొదికయ సంఘముతో మార్చుకొని చదువుటకు ఉద్దేశింపబడినది (4:16). పౌలు స్వంత సంగతులు మాత్రము తుకికు నోటితో తెలియజేస్తాడని చెప్పబడినది (4:7). అందరూ చదివే దానిలో చెప్పవలసినవి కొన్ని. నమ్మకమైన మనిషి నోట చెప్పవలసినవి కొన్ని. ఈ వివేచనను ఫోను మనకు నేర్పదు. కాపరి నేర్పాలి.

(ఇ) రానివారి కొరకు కనిపెట్టుట

బలహీనమైన అవయవములకు అంతర్జాలము మేలు చేస్తుందన్నది థాంప్సన్ ముఖ్య వాదము. మంచము దిగలేని రోగి, ఊరు విడిచిన వలస కూలీ, ఆలయ మెట్లు ఎక్కలేని వృద్ధురాలు – వీరి విషయములో ఇది నిజమే. అయితే మన సంఘములో బలహీనమైన అవయవము ఎవరు? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో అంతర్జాలాన్ని ఎన్నడైనా వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 21 శాతము, తెలంగాణలో సుమారు 26 శాతము మాత్రమే. ఆ తరువాత ఫోనులు పెరిగిన మాట వాస్తవము. కాని ఆదివారము ఆరాధనలో చాపలమీద ముందు వరుసలలో కూర్చునే తల్లులలో ఎందరికి స్వంత ఫోను ఉన్నదో, ఎందరు దానిలో చదువగలరో ప్రతి కాపరి తన సంఘపు చిట్టా తీసి చూచుకొనవచ్చును. సంఘ సమాచారమంతా గ్రూపులోనికి మారిన దినాన ఆ తల్లులు సంఘములోనే ఉండి సంఘమునకు వెలుపలివారైపోతున్నారు.

ఇక్కడ ప్రభువు భోజనపు ప్రశ్న కూడా వస్తుంది. 2020లో ఆలయాలు మూతపడినప్పుడు, విశ్వాసులు తమ ఇండ్లలో తెర ఎదుట రొట్టె, ద్రాక్షారసము పుచ్చుకొనవచ్చునని థాంప్సన్ వాదించారు. క్రీస్తు సన్నిధికి తెర అడ్డు కాజాలదన్నది ఆమె ఆధారము. దీనిమీద సంఘాల మధ్య, లూథరన్ వేదాంతుల మధ్యనే భిన్నాభిప్రాయాలు ఉన్నవి. క్రీస్తు సన్నిధి సాధ్యమా కాదా అన్న చర్చను ఇక్కడ తీర్చబూనుకొనము. 1 కొరింథీ 11:17-34 వేరొక వైపునుండి ప్రశ్న వేస్తున్నది. కొరింథులో తప్పు దూరము కాదు, తొందర. ముందు వచ్చినవారు తిని త్రాగారు. లేనివారు ఆకలితో సిగ్గుపడ్డారు. ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనుడని పౌలు ఆజ్ఞ (11:33). మంచి ఫోను, నిలకడైన నెట్‌వర్క్ ఉన్నవారు ముందుగా తిని, లేనివారు ఊరక మిగిలిపోతే అది కొరింథు తప్పే.

రాలేనివారి విషయములో ఆదిమ సంఘము ఏమి చేసినదో రెండవ శతాబ్దపు మధ్యకాలములో జస్టిన్ మార్టర్ తన మొదటి సమాధాన గ్రంథములో తెలిపాడు. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత, హాజరు కాలేనివారికి వారి భాగమును పరిచారకులు తీసుకొనివెళ్ళేవారు. ఇక్కడ కూడా దూరానికి సంఘమిచ్చిన జవాబు నడిచివెళ్ళిన ఒక మనిషి.

(ఈ) ‘స్నేహితుడు’ అను మాట

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య గారు మాట్లాడారు. అప్పటికే ఆయన మన తెలుగు ప్రాంతమైన దోర్నకల్‌లో పరిచర్య చేయుచున్నారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైనారు. మిషనరీలు చేసిన త్యాగాలకు, ఇచ్చిన ధనానికి ఆయన కృతజ్ఞత చెప్పారు. ఆ తరువాత, ప్రేమను కూడా అడుగుచున్నామని, మాకు స్నేహితులను ఇవ్వండని కోరారు. నిధులు, నివేదికలు సముద్రాలు దాటి వచ్చుచున్న కాలమది. సంబంధానికి కొదువ లేదు. కొదువైనది ఒకే బల్లయొద్ద కూర్చునే స్నేహము.

ఈనాడు ‘ఫ్రెండ్’ అను మాట ఒక మీట నొక్కితే దొరుకుచున్నది. అజరయ్య గారి మాట మాత్రము ఇంకను జవాబు కొరకు ఎదురుచూస్తున్నది. మూడవ యోహాను పత్రిక స్నేహితులకు పేరు పేరున వందనములు చెప్పుమని ముగియుట యాదృచ్ఛికము కాదు. వెయ్యిమందికి ఒకేసారి పంపిన ఉదయకాలపు వాక్యము మంచిదే. పేరు పెట్టి పిలిచిన పలకరింపునకు అది బదులు కాదు. ఊరు మారి, కులము దాటి, మాలపల్లెకు, మాదిగపల్లెకు వెళ్ళి భోజనానికి కూర్చొనుట తెరమీద జరిగే పని కాదు. అంతర్జాలములో అందరితో కలిసి ఉండి, ఊరిలో ఎవరింటా మంచినీళ్ళు త్రాగని విశ్వాసము క్రీస్తు శరీరమును వివేచించినది కాదు.

4. పరిచర్యకు అన్వయము

పై విమర్శనుబట్టి కాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని ఆచరణీయ సూచనలు చేయుచున్నాము.

ఒకటి, ప్రార్థన మనవిని గ్రూపులో పెట్టకముందు రోగిని, లేక అతని దగ్గరివారిని అడుగవలెను. ‘ఒక సహోదరి ఆరోగ్యము కొరకు’ అన్న మాట చాలినచోట పేరు వద్దు. పేరు చాలినచోట రోగము పేరు వద్దు. దేవుడు వివరాలు తెలియక ఆగిపోడు.

రెండు, ప్రతి మనవితోపాటు ఒక మనిషిని నియమింపవలెను. ఆ రోజు ఎవరు వెళ్ళుదురు, అన్నము ఎవరు పంపుదురు, రాత్రి ఎవరు తోడుంటారు – ఇది తేలకుండా మనవి ముగిసినట్లు భావింపకూడదు. సంఘపెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించుకొనుమని యాకోబు 5:14 చెప్పుచున్నది. అది చేయి తాకే పరిచర్య.

మూడు, దర్శన పరిచర్యకు గ్రూపును గాక సంఘ చిట్టాను ఆధారము చేసుకొనవలెను. గ్రూపులో లేనివారి పేర్లకు గుర్తు పెట్టి, స్త్రీల సమాజము, బైబిలు స్త్రీలు ముందుగా వారి ఇండ్లకే వెళ్ళవలెను.

నాలుగు, ఫార్వర్డ్ అయి వచ్చిన ప్రతి స్వస్థత సాక్ష్యమును, విరాళపు విన్నపమును పరీక్షింపవలెను. తన పేరిట అబద్ధపు పత్రిక రాగలదని ఎరిగి పౌలు థెస్సలొనీకవారిని హెచ్చరించి, స్వహస్తముతో వందనము వ్రాసి అదే గురుతన్నాడు (2 థెస్స 2:2, 3:17). పంపినవారెవరో తెలియని సందేశానికి కాపరి తన పేరు జోడించకూడదు.

అయిదు, విదేశములో ఉన్న పిల్లలకు తెర మీది ఆరాధనతోపాటు మరొక సంగతి నేర్పవలెను. వారు ఉన్న ఊరిలోని సంఘములో చేరి, అక్కడి రోగులను వారు దర్శింపవలెను. ఇక్కడ ఒంటరిగా ఉన్న వారి తల్లిదండ్రులను ఈ సంఘము దర్శింపవలెను.

ముగింపు

థాంప్సన్ గ్రంథము చదువదగినది. వేదాంత కళాశాలల్లో కాపరి పరిచర్య పాఠాలలో దీనిని చర్చింపవలెనని మా కోరిక. బాధలో ఉన్నవారికి తెర ద్వారా వచ్చే ఆదరణను ఎగతాళి చేసేవారికి ఇది మంచి జవాబు. అయితే పౌలును ఆధారము చేసుకున్నవారు పౌలు పద్ధతినంతటినీ తీసుకొనవలెను. అతని ఉత్తరము ఒక మనిషి చేతిలో బయలుదేరినది, ఒక గుమ్మములో నిలిచినది, మరొక రాకడను వాగ్దానము చేసినది. మనము పంపే సందేశము ఎవరినైనా లేపి నడిపిస్తే అది ఆ ఉత్తరాల వరుసలోనిది. నడువవలసినవానిని కూర్చోబెడితే అది ఎన్ని ‘ఆమేన్’లు పొందినను పరిచర్య కాదు. ‘రోగినై యుంటిని’ అని చెప్పే ప్రభువు మనయొద్ద అడిగేది, మత్తయి 25:36 ప్రకారము, తనను చూడవచ్చితిమా లేదా అన్నదే.